కొకైన్ మానడానికి ఎక్కడికెళ్లాలి? బరంపురం నుంచి నా అనుభవం

మా వైపు తారాతారిణి అమ్మవారి కొండకి 999 మెట్లు. చిన్నప్పుడు వాటిని లెక్కపెడుతూ ఎక్కేవాణ్ణి, మధ్యలో లెక్క తప్పితే కిందికి దిగి మళ్లీ మొదలెడతానని మారాం చేసేవాణ్ణట. పోయిన ఏడాది చైత్రంలో ఒక మంగళవారం అమ్మని తీసుకుని వెళ్తే, రెండొందల మెట్లు కూడా కాకముందే గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. నాకు ముప్పై ఒకటి. అమ్మకి అరవై, మోకాళ్ల నొప్పులు, చేతిలో కొబ్బరికాయల సంచి. ఆవిడ నన్ను దాటి ఎక్కేసి, నేను రావట్లేదని చూసి మళ్లీ దిగొచ్చి, చెంగుతో నా మొహం తుడిచి, "కామెర్లు ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదురా" అంది. పక్కన అప్పుడే పుట్టువెంట్రుకలు తీయించిన పసివాడొకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడి గుండు చూస్తూ కూర్చున్నాను తప్ప అమ్మ మొహం చూడలేకపోయాను.

కామెర్లు నేను చెప్పిన అబద్ధం. బరువు తగ్గడానికి, ఆఫీసుకి సెలవు పెట్టడానికి, అన్నం సహించకపోవడానికి, అన్నిటికీ అదే పనికొచ్చింది.

మాది ఒడిశాలోని బరంపురం. బోర్డుల మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, మేం మాత్రం బరంపురం అనే అంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నాన్నకి పట్టుచీరల దుకాణం, తాతల కాలంలో మగ్గాలు కూడా మావే. నేను పదేళ్లుగా బెంగళూరులో ఈవెంట్ మేనేజ్‌మెంట్ పనిలో ఉన్నాను. కొకైన్ ఎలా మొదలైందన్నదానికి పెద్ద కథేం లేదు, ఎవరో ఇచ్చారు, బాగుంది, తర్వాత నేనే అడిగాను. మొదటి ఏడాది రెండు మూడు సార్లు, మూడో ఏడాదికి ప్రతి శుక్రవారం, ఆ తర్వాత ఏ రోజు శుక్రవారమో నాకే తెలియని పరిస్థితి. ఒక్క రాత్రికి నేను తగలేసిన డబ్బు నాన్న చీరలు నేయించే మనిషికి నెల సంపాదన. ఈ లెక్క తెలిసి కూడా మానలేదు. తెలిస్తే మానేస్తారనుకునేవాళ్లకి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

కొండ దిగి బెంగళూరు వెళ్లాక మానాలని గట్టిగానే అనుకున్నాను. అనుకుని ఏం చేశానంటే, ఎక్సెల్ షీట్ తెరిచాను. మా పనిలో ఏదైనా షీట్‌తోనే మొదలవుతుంది కదా, హాలు ఎంత, క్యాటరింగ్ ఎంత, పార్కింగ్ ఉందా అని. అలాగే డీఅడిక్షన్ సెంటర్లన్నీ వరసగా రాశాను, ఊరు, ఖర్చు, ఎన్ని రోజులు, ఫోన్ ఇస్తారా, రూములో ఏసీ ఉందా. నాలుగు నెలల్లో ఇరవై మూడు పేర్లయ్యాయి. మంచివాటికి పచ్చ రంగు, అనుమానం ఉన్నవాటికి పసుపు. ఆ నాలుగు నెలల్లో ఒక్కచోటికి కూడా వెళ్లలేదు. ఇంకొంచెం కనుక్కుందాం, ఇంకో రెండు చోట్లు చూద్దాం, అందాకా ఈ వారానికి ఒక్కసారి. రంగులు వేసిన రాత్రుల్లో కొన్నిసార్లు నేను మత్తులోనే ఉన్నాను, నిజం చెప్పాలంటే ఆ షీట్ అంత నీటుగా రావడానికి కారణం కూడా అదే.

అసలు నాకు వైద్యం అవసరమా అన్న ప్రశ్న ఆ షీట్ వెనకాల దాక్కుంది. ఉద్యోగం ఉంది, అద్దె కడుతున్నాను, సూది ఎప్పుడూ ముట్టలేదు. డ్రగ్స్ అలవాటైన మనిషంటే మా వైపు బస్టాండులో బ్రౌన్ షుగర్ అనే నాసిరకం హెరాయిన్‌తో పడి ఉండేవాడు, నేను కాదు. సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో మత్తు వ్యసనానికి 11 లక్షణాలుంటాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, తగ్గించాలని చూసి తగ్గించలేకపోవడం, దానికోసమే తిరగడం, తీసుకోవాలని మనసు తెగ గుంజడం, పనులు చెడటం, ఇంట్లోవాళ్లతో గొడవలైనా ఆపకపోవడం, ఇలా. ఏడాదిలో రెండో మూడో ఉంటే తేలికపాటి, నాలుగో ఐదో ఉంటే మధ్యస్థం, ఆరు, ఆపైన ఉంటే తీవ్రం. నాకు ఏడు వచ్చాయి. అప్పుడు కూర్చుని నాతో నేనే వాదించుకుని, ఇది లెక్కలోకి రాదు, అది అందరికీ ఉంటుంది అని రెండు కొట్టేసి ఐదుకి దించి, "మధ్యస్థమే కదా" అని పడుకున్నాను. బేరం ఆడటం మా ఇంటి విద్య.

ఇంకో భయం పోలీసులు. ఆసుపత్రికి వెళ్లి కొకైన్ అని చెబితే కేసు పెడతారేమో, నాన్న దుకాణం ముందు జీపు ఆగుతుందేమో అని. ఇది చాలామందికి ఉంటుంది కాబట్టి నేను తర్వాత చదివి తెలుసుకున్నది చెబుతాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుపదార్థాల చట్టంలో, కొకైన్ వాడటం నేరమే, 27వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడకం కేసు కానీ, తక్కువ పరిమాణం కేసు కానీ ఉన్న మనిషి తనంతట తాను వచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది, వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు తీసేయొచ్చు. కొకైన్‌కి తక్కువ పరిమాణం అంటే 2 గ్రాములు. ఇక ఆసుపత్రిలో మనం చెప్పింది గుట్టుగా ఉంచాలన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. "ప్రభుత్వం గుర్తించిన" అన్న ఒక్క మాటతో నా షీట్‌లో పచ్చ రంగు వేసినవి సగం పసుపులోకి మారిపోయాయి.

దసరాకి ఇంటికొచ్చాను. పర్సులో కొంచెం తెచ్చుకున్నాను, నాలుగు రోజులు అది లేకుండా ఉండలేనని అప్పటికి నాకు తెలుసు, తెలిసి కూడా ఐదు అనే అంకెనే పట్టుకుని ఉన్నాను. నవమి రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూములో తీసుకున్నాను, అంతకుముందు బావతో రెండు పెగ్గులు కూడా వేశాను. అరగంటకి ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు. ఎడమ దవడ దాకా లాగింది. అమ్మని లేపాను.

క్యాజువాలిటీలో ఈసీజీ వైర్లు అంటిస్తూ కుర్ర డాక్టర్ ఒడియాలో అడిగాడు, "కిఛి నిశా కరిఛంతి?" అని, ఏమైనా మత్తు తీసుకున్నారా అని. అమ్మ పక్కనే నిలబడి ఉంది, నా చెప్పులు చేతిలో పట్టుకుని. తెలుగులో చెబితే అమ్మకి అర్థమవుతుంది, ఒడియాలో చెప్పినా అర్థమవుతుంది. సరే ఇంగ్లీషులో చెబుదామని నోరు తెరిచాను. కొకైన్ అన్న మాట ఏ భాషలోనైనా కొకైనే అని అప్పుడు తట్టింది. డాక్టర్ ఒక్క క్షణం ఆగి, చీటీ మీద అప్పటికే రాసిన ఒక మందు కొట్టేసి, ఇంకోటి రాశాడు. గుండె నొప్పికి మామూలుగా ఇచ్చే మందుల్లో కొన్ని కొకైన్ ఒంట్లో ఉండగా ఇస్తే ఎదురు తిరగొచ్చట. "చెప్పకపోయి ఉంటే?" అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొకైన్‌ని మద్యంతో కలిపి తీసుకుంటే లివర్‌లో రెండూ కలిసి కోకాఎథిలీన్ అనే ఇంకో పదార్థం తయారవుతుందని, అది గుండెకి కొకైన్ కంటే చేటు అని మాత్రం చెప్పాడు. పొద్దున దాకా అక్కడే ఉంచారు. గుండెపోటు కాదు. అమెరికాలో గుండెపోటు వచ్చిన దాదాపు 4,000 మందిని అడిగి చేసిన పరిశోధన ఒకటి 1999లో వచ్చింది, కొకైన్ తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు 24 రెట్లు అవుతుందని. అది ఆ బెంచీ మీదే కూర్చుని ఫోన్‌లో చదివాను, ఈసీజీ జిగురు ఇంకా ఛాతీ మీద ఉండగా.

ఇంటికి ఆటోలో వస్తూ అమ్మ అడిగిన మొదటి మాట, "కామెర్లు కూడా అదేనా?"

"ఊ."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. గేట్ బజారు దాటాక, "నా గొలుసు?" అంది. ఆ గొలుసు లాకర్‌లో పెడతానని తీసుకెళ్లి బెంగళూరులో గోల్డ్ లోన్‌లో పెట్టాను. దానికి కూడా ఊ అన్నాను.

ఇక అక్కణ్నుంచి వెతకడం ఇంటిల్లిపాదీ పనైపోయింది. ఇచ్ఛాపురం పిన్ని ఏదో పొడి సంగతి చెప్పింది, మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెడితే నెలలో మానేస్తాడట, వాళ్ల వీధిలో ఒకాయన తాగుడు అలాగే మానాడట. పిన్నీ, నాకు తెలిసిపోయింది కదా ఇప్పుడు, ఎలా కలుపుతారు అంటే అమ్మ ఆ రోజుల్లో మొదటిసారి నవ్వింది. నాన్న మాత్రం ఏం అనలేదు. దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా గది గుమ్మం దాకా వచ్చి, ఫ్యాన్ స్పీడు చూసి వెళ్లిపోయేవారు.

బావ ఒక సెంటర్ కనుక్కున్నాడు. ఆయనకి పలాసలో జీడిపప్పు వ్యాపారం, ఎవరో లారీ ఓనరు కొడుకుని అక్కడ వేశారట. పేరూ ఊరూ చెప్పను. హైవే పక్కన రెండంతస్తుల బిల్డింగు, వరండాకి కింద నుంచి పైదాకా ఇనుప గ్రిల్, లోపల తాడుకి వరసగా ప్లాస్టిక్ మగ్గులు వేలాడుతున్నాయి, ఒక్కోదాని మీద పెయింటుతో నంబరు. నడిపేవాడు ఏ మత్తు అని అడిగాడు. కొకైన్ అన్నాను. రిజిస్టర్‌లో బ్రౌన్ షుగర్ అని రాశాడు. అది కాదండీ అంటే, "అన్నీ ఒకటే సార్, మా దగ్గర మూడు నెలలుంటే ఏదైనా వదిలిపోతుంది" అన్నాడు. డాక్టర్ ఎప్పుడొస్తారంటే, పిలిస్తే వస్తారు. రిజిస్ట్రేషన్ చూపించమని బావ అడిగితే, గోడ మీద ఎవరో నాయకుడితో దిగిన ఫోటో చూపించాడు. వరండా ఊడుస్తున్న కుర్రాడి చీలమండ చుట్టూ నల్లటి మచ్చ, కడియం పెట్టినట్టు. వాడు మా వైపు చూడలేదు.

వచ్చేటప్పుడు టీ దగ్గర ఆగాం. బావ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుని, "మొదటిసారి ఫోన్ చేసినప్పుడే చెప్పాడురా వాడు, మీ బామ్మర్ది రానంటే చెప్పండి, రాత్రి నలుగురిని బండిచ్చి పంపిస్తాం, ఎత్తుకొచ్చేస్తారు అని. నేను సరే అనబోయాను" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ నెలలో నన్ను ఎవరైనా ఎత్తుకెళ్లి పడేస్తే బాగుండునని నాకూ అనిపించింది, వెళ్లాలా వద్దా అని తేల్చుకునే బాధ తప్పుతుంది కదా. కానీ ఆ 2017 చట్టం ప్రకారం మనుషుల్ని గొలుసులతో కట్టడం నిషేధం, ఇలాంటి చోట్లకి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, మనంతట మనం చేరితే మనం అడిగినప్పుడు బయటికి రావచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. ఫోటో చూపిస్తే లేచి వచ్చేయండి.

దీనికి పూర్తిగా అటువైపున్నవి కూడా చూశాను. ఒక చోట కొండ మీద కాటేజీలు, స్విమ్మింగ్ పూల్, నెలకి లక్షల్లో. ఫోన్‌లో ఆ అమ్మాయి చాలా మర్యాదగా 21 రోజుల డీటాక్స్ ప్యాకేజీ గురించి చెప్పింది. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారా అంటే, "సౌత్ ఇండియన్ ఫుడ్ ఉంది సార్" అంది.

ఈలోగా నాకు అసలు దెబ్బ మొదలైంది. కొకైన్ ఆపితే తాగుడు ఆపినట్టు ఫిట్స్ రావడం, ప్రాణం మీదికి రావడం మామూలుగా ఉండదు, ఆ మాట నిజమే. కానీ మొదటి వారం నేను రోజుకి పద్నాలుగు గంటలు పడుకున్నాను, లేస్తే ఆకలి, తిన్నాక ఏడుపు. దేని మీదా ఇష్టం లేదు. గోపాల్‌పూర్ బీచ్‌కి తీసుకెళ్తే సముద్రం కూడా బోరుగా కనిపించింది, ఎవరో గోడకి నీలం రంగు వేసినట్టు. ఆరో రోజు డాబా మీద పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఎంతసేపున్నానో నాకే తెలియదు. అక్కడే కూర్చుని 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, 2022లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, భాష ఎంచుకోవచ్చు. ఇదిగాక మత్తు అలవాట్లకే వేరే 14446 ఉంది, ఆ నంబరు నాకు ముందే తెలుసు, షీట్‌లో మొదటి వరసలో ఉంది కూడా, ఎప్పుడూ చేయలేదు. తెలుగు ఎంచుకున్నాను. ఎత్తిన ఆవిడ పేరు కూడా అడగకుండా మొదట, "ఇప్పుడు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. అంత సూటిగా ఎవరూ అడగలేదు అప్పటిదాకా. అప్పుడప్పుడు అన్నాను. ముందు కిందికి దిగండి, దిగాక మాట్లాడదాం అంది. మెట్లు దిగుతూ మాట్లాడాను. ఆ రాత్రి నుంచి అమ్మ నా గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది, నేను బాత్రూముకి వెళ్లాలంటే ఆవిడ్ని దాటాలి.

రెండ్రోజుల్లో ఊళ్లోనే ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఒడియా ఆయన, పెద్దాయన, నిదానంగా వింటారు. ఇరవై మూడు వరసల షీట్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి, వెనక తెల్ల కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. కొకైన్‌కి మాత్ర లేదు అని మొదటే చెప్పారు. బ్రౌన్ షుగర్‌కి బ్యూప్రెనార్ఫిన్ లాంటివి ఉన్నాయి, తాగుడుకి ఉన్నాయి, కొకైన్ వ్యసనం కోసమే ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు. దిగులుకీ నిద్రకీ మందులిస్తారు, అసలు వైద్యం మాట్లాడటమే. ఏ టైములో గుంజుతుంది, ఎవర్ని చూస్తే గుంజుతుంది, గుంజినప్పుడు ఏం చేయాలి అని వారం వారం కూర్చుని తవ్వడం, దాంతోపాటు యూరిన్ టెస్టు. "మీరు బిల్డింగ్ వెతుకుతున్నారు. నెలల తరబడి ప్రతి వారం మీ మొహం చూసే మనిషిని వెతకండి" అన్నారు. మరి అడ్మిట్ అవ్వాల్సింది ఎవరంటే, చావు ఆలోచనలు బలంగా ఉన్నవాళ్లు, భ్రమలు, అనుమానాలు వచ్చినవాళ్లు, తాగుడు కానీ నల్లమందు జాతి మత్తుల అలవాటు కానీ కూడా ఉన్నవాళ్లు, ఇంట్లో ఉంటే మత్తు తేలిగ్గా చేతికందేవాళ్లు, బయటి నుంచి ప్రయత్నించి కుదరనివాళ్లు. నా విషయంలో మొదటిది ఆయన్ని కొంచెం ఆలోచింపజేసింది. అమ్మ చాప సంగతి విని, పది రోజులు చూద్దాం, ఏమాత్రం తేడా వచ్చినా అడ్మిషనే అన్నారు. ఆ పది రోజులు రోజు విడిచి రోజు రమ్మన్నారు.

తర్వాత ఒక ప్రశ్న అడిగారు. "కోపం వస్తే ఏ భాషలో తిడతారు?"

తెలుగులో.

"ఏడిస్తే?"

అది నేను ఆలోచించలేదు. నేను ఒడియాలో చీర బేరం చేయగలను, పోలీసుతో మాట్లాడగలను, స్నేహితుల్ని ఆటపట్టించగలను. అమ్మ గొలుసు గురించి మాత్రం ఒడియాలో చెప్పమంటే నాకు మాటల్లేవు, బెంగళూరు ఇంగ్లీషులో అయితే మరీ, అందులో చెబితే ఎవరో వేరేవాడి కథలా ఉంటుంది. ఆయన నవ్వి, "నేను మందులు చూస్తాను. మాట్లాడటానికి తెలుగువాళ్లని చూసుకోండి" అన్నారు. నా షీట్‌లో ఏసీకి కాలమ్ ఉంది, భాషకి లేదు. సరిహద్దులో పుట్టినవాడిని, నాకే తట్టలేదు.

దాంతో ఒక్క గంటలో తేలిపోయింది. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, వ్యసనాలకే ప్రత్యేకంగా అక్కడ సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది, మంచి పేరు. కానీ ఆ ఊళ్లో రైలు దిగితే ఆసుపత్రి ఆటో ఎక్కేలోపే నా వేళ్లు ఏ నంబరుకి పోతాయో నాకు తెలుసు. బరంపురంలోనే అంటే భాష సంగతి అలా ఉంచి, ప్రతి క్లినిక్కులోనూ మా దుకాణంలో పెళ్లి చీరలు కొన్నవాళ్లెవరో ఉంటారు. ఆ డాక్టర్ కాంపౌండరే నన్ను చూసి, "నాన్నగారు బాగున్నారా" అన్నాడు. మా వైపు గంజాయి పట్టుబడిందన్న వార్త కొత్త కాదు, దాని గురించి అరుగు మీద కూర్చుని మాట్లాడేస్తారు, కొకైన్ అంటే మాత్రం సినిమా వాళ్ల సంగతి. ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది, అందులో కొకైన్ వాడినవాళ్లు 0.1 శాతం, వెయ్యికి ఒకరు. మా వీధిలో ఆ ఒక్కడు ఎవరో చెప్పుకోవడానికి నాకు ధైర్యం లేదు, ఇప్పటికీ లేదు. విశాఖపట్నం అయితే సుమారు 280 కిలోమీటర్లు, పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు, మాట తెలుగు, మొహం తెలియదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఒక చోట ఓపీలో ప్రతి శనివారం. అలా షీట్‌లో పందొమ్మిదో వరసలో, ఏ రంగూ వేయకుండా వదిలేసినది ఖాయమైంది.

మొదటి నాలుగు శనివారాలు బావ పలాసలో ఎక్కేవాడు. తోడు అనేవాడు, నేను మధ్యలో దిగిపోకుండా అని ఇద్దరికీ తెలుసు. ఇచ్ఛాపురం దాటగానే టీ అమ్మేవాళ్ల కేకలు తెలుగులోకి మారతాయి, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఆ బండెక్కానో, అది వినడం అప్పుడే మొదలెట్టాను. అక్కడ కౌన్సెలర్ మేడం మొదటి రోజు కొకైన్ గురించి పది నిమిషాలే మాట్లాడింది, తర్వాతంతా డబ్బు గురించి. జీతం ఏ రోజు పడుతుంది, పడ్డ మెసేజ్ చూసిన ఎన్ని నిమిషాలకి ఫోన్ చేసేవారు. నాకు గుంజేది పార్టీలు చూసి అనుకునేవాణ్ణి. మూడు వారాలు రాసి చూస్తే బ్యాంకు మెసేజ్ శబ్దానికి. జీతం నాన్న అకౌంట్‌కి మార్చాం, ఫోన్‌లో యూపీఐ తీసేశాను, ముప్పై ఒక్క ఏళ్లొచ్చి పొద్దున్నే టిఫిన్‌కి నాన్న దగ్గర చేయి చాపడం ఎలా ఉంటుందో చెప్పను.

యూరిన్ టెస్టు పసుపు మూత డబ్బాలో. తలుపు కొంచెం తెరిచి ఉంచాలి, బయట అటెండర్ నిలబడి కిటికీలోంచి కాకుల్ని చూస్తూ ఉంటాడు, ఆయన ఆ మర్యాద నేను మర్చిపోను. కొకైన్ తీసుకున్నాక మామూలుగా రెండు నుంచి నాలుగు రోజులు అందులో కనిపిస్తుంది. మేడం ఒక పద్ధతి చెప్పింది, వేరే దేశాల్లో టెస్టు నెగెటివ్ వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇస్తారట, వరసగా వస్తుంటే పెంచుతూ పోతారు, ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటి మొత్తం నుంచి. కొకైన్ విషయంలో ఇది బాగా పనిచేస్తుందని పరిశోధనలున్నాయట. ఇంట్లో చెబితే అందరికంటే ముందు అర్థమైంది నాన్నకి. దుకాణం ఖాతా పుస్తకంలో నా పేరున ఒక పేజీ తెరిచారు. మొదటి వారం 100, రెండో వారం 200, అలా. అమ్మ గొలుసు విడిపించే పద్దు. "చిట్టీ కంటే ఇదే నయం" అన్నారు. నా జీతంలోంచే తీసి నాకే బహుమతి ఇస్తున్నారని నేనంటే, వ్యాపారమంటే అదే అన్నారు.

ఎనిమిది శనివారాలు జమ పడింది. తొమ్మిదో వారం బెంగళూరులో గది ఖాళీ చేయడానికి ఒక్కణ్ణే వెళ్లాను, అందరూ వద్దన్నారు, సామానే కదా అన్నాను. అడ్వాన్సు డబ్బు ఓనరు చేతికి నోట్లుగా ఇచ్చాడు. మిగతాది మీకు తెలుసు. ఆ శనివారం జ్వరమని చెప్పి బండెక్కలేదు. మేడం ఫోన్ చేస్తే దగ్గి కూడా చూపించాను. తర్వాతి శనివారం టెస్టు నెగెటివే వచ్చింది, రావాలి కదా, అప్పటికి పది రోజులైంది. నాన్న 900 రాశారు. ఇంకో రెండు వారాలు అలాగే రాయనిచ్చాను, 1,000, 1,100.

చివరికి మేడంతో చెప్పింది నేనే, కానీ ధైర్యమొచ్చి కాదు, మూడు వారాలుగా ఆ పేజీ చూస్తే కడుపులో తిప్పేది. ఆవిడ తిట్టలేదు. ఆ రోజు ఎన్ని గంటలకి ఓనరు వచ్చాడు, డబ్బు ఏ జేబులో పెట్టుకున్నారు, అప్పటికి ఏమైనా తిన్నారా అని ఒక్కొక్కటీ అడిగి రాయించింది, తినలేదు. ఇంట్లో ఎవరికి చెబుతారంటే నాన్నకి అన్నాను. ఆదివారం పొద్దున దుకాణానికి వెళ్లి, ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉండగా నిలబడి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ పేజీలో ఏదీ కొట్టేయకుండా కింద ఒక గీత గీశారు. గీత కింద ఆ వారం తారీకు వేసి 100 అని రాశారు. తర్వాత ఎవరో పెళ్లివాళ్లొచ్చారు, చీరలు తీసి చూపించమన్నారు నన్ను.

మొన్న శనివారం 700 రాశారు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.